చీలికలో వృత్తం: ఏ-లైన్ డ్రెస్‌కి సబ్‌ట్రాక్షన్ కటింగ్

బ్రిటన్ డిజైనర్ జూలియన్ రాబర్ట్స్ పేరు తెచ్చిన సబ్‌ట్రాక్షన్ కటింగ్‌లో బట్టలో ఖాళీ చేసిన చోటే డ్రెస్ ఆకారాన్ని మార్చేస్తుంది. దాన్లో మొదట నేర్చుకోదగ్గది ప్లగ్ పద్ధతి. గౌను మీద ఒక చీలిక కోసి, అందులో వేరే ఆకారపు ముక్కను కుడతారు. రెండు ఆకారాలూ ఒకేలా ఉండక్కర్లేదు, చుట్టుకొలత ఒకటే అయితే చాలు. మిగతా పనంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

20 అంగుళాల చీలికకు రెండు అంచులు కలిపి 40 అంగుళాలు. 40ని 6.28తో (అంటే 2π) భాగిస్తే వృత్తం వ్యాసార్ధం 6⅜. కుట్టుకి అర అంగుళం కలిపి 6⅞తో కోయాలి. వృత్తానికి బదులు 10 అంగుళాల చతురస్రమో, 15×5 దీర్ఘచతురస్రమో పెట్టినా అంచు 40కే సరిపోతుంది. కాకపోతే ఒకే చుట్టుకొలతలో ఎక్కువ బట్ట పట్టేది వృత్తమే కాబట్టి గేరు కూడా దానికే ఎక్కువ. చతురస్రం మూలలు తిప్పి కుట్టడం మొదటిసారి చేసేవాళ్లకి చేతకాదు, వృత్తంతోనే మొదలుపెట్టండి.

మోకాళ్ల దాకా వచ్చే, డార్ట్‌లు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు) తక్కువున్న, కిందకి వెడల్పయ్యే ఏ-లైన్ డ్రెస్‌కి 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్ల మంగళగిరి కాటన్ సరిపోతుంది. ముందు, వెనక భాగాలు ఒకదాని కింద ఒకటి పరిస్తే పక్కన మిగిలే పట్టీలో వృత్తాలు వస్తాయి. జార్జెట్‌లో ఈ ఆకారం నిలవక జారిపోతుంది. కాటన్‌ని ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి. నిలువు పోగు అడ్డపోగు కన్నా ఎక్కువ కుంచించుకుపోతుంది, ముందే తడపకపోతే మొదటి ఉతుకులోనే వృత్తం కోలగా మారి కుట్టు ముడతలు పడుతుంది.

ముందు భాగం లోపలి వైపు, నడుము గీతకు 3 అంగుళాల కింద నుంచి కొంచెం ఏటవాలుగా 20 అంగుళాల గీత గీయండి. సైడు కుట్టుకి 2 అంగుళాల దగ్గరికి రానివ్వకండి. దాని చుట్టూ నడిమధ్యలో అంగుళం వెడల్పు ఉండి రెండు చివర్లా సన్నబడే ఆకు ఆకారం వేయండి. కుట్టు పడేది ఆ ఆకు గీత మీదే. రెండు మొనల మీద 2 అంగుళాల ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే పొర) ముక్క అతికించి, ఆకు గీత మీద ఒక వరస సన్నకుట్టు వేశాకే నడిమి గీతను కత్తిరించాలి. ఏటవాలుగా కోసిన అంచు క్రాస్ మీద, అంటే పోగులకి వాలుగా ఉంటుంది కాబట్టి, ఈ వరస వేయకుండా కోస్తే సాగుతుంది. సాగిన అంచుకి వృత్తం చాలదు, చుట్టూ కుచ్చులు పడతాయి. కత్తెర మొనకి ఒక్క పోగు ముందే ఆగాలి.

వృత్తం అంచు మీద నాలుగు సమాన గుర్తులు పెట్టండి. ఎదురెదురు రెండూ మొనలకి, మిగతా రెండూ చీలిక మధ్యలకి వస్తాయి. చీలిక అంచుకి ముప్పావు అంగుళానికొకటి చొప్పున కుట్టు దాకా గాట్లు పెడితేనే అది వంపు మీద తిరుగుతుంది. కచ్చాకుట్టు వేసి, గౌను ముక్క పైన ఉండేలా, మొన నుంచి మొనకు ఒక సగం, తర్వాత రెండో సగం వేరుగా కుట్టండి. మొన దగ్గర కుట్టు పొడవు 2.5 నుంచి 1.5 మిల్లీమీటర్లకి తగ్గించండి. మొనలో చిన్న ముడత కనిపిస్తే రెండు సగాలూ ఒకే రంధ్రంలో కలవలేదన్నమాట. చివరి నాలుగైదు కుట్లు విప్పి మళ్లీ వేస్తే పోతుంది.

రెండో వృత్తం వెనక వైపు, మొదటిదానికి ఎదురు దిశలో వాలితే డ్రెస్ తిరిగినట్టు కనిపిస్తుంది. అస్తరు వేసుకుంటే మామూలు ఏ-లైన్‌గానే కుట్టి మెడ దగ్గర మాత్రమే కలపాలి, గేరుకి అతికిస్తే ఫాల్ చచ్చిపోతుంది.

అంచు మడత వెంటనే వేయకూడదు. ఒక రాత్రి హ్యాంగర్‌కి వేలాడదీస్తే వృత్తం కింద గేరు దిగిపోతుంది. అప్పుడు తొడిగి నిలబెట్టి, నేల నుంచి స్కేలుతో చుట్టూ ఒకే ఎత్తులో గుర్తు పెట్టి అదనం తీసేసి పావు అంగుళం మడతతో కుట్టేయండి.