పిల్లల పుట్టినరోజుకి ఏ వయసుకి ఏం కొనాలి?

1. ముందు ఇంట్లోవాళ్లని అడగండి

అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని మొహమాటపడొద్దు. సర్‌ప్రైజ్ పిల్లలకి కావాలి గానీ వాళ్ల అమ్మానాన్నలకి కాదు. అయితే "ఏం కొనమంటారు?" అని అడిగితే "అయ్యో, ఏమీ వద్దండీ, మీరు రండి చాలు" అనే జవాబే వస్తుంది. అందుకే ప్రశ్న మార్చండి. "ఈమధ్య పాప దేనితో ఎక్కువసేపు ఆడుకుంటోంది?", "ఇంట్లో ఇప్పటికే ఏమున్నాయి?" అని అడిగితే పనికొచ్చే సమాధానం దొరుకుతుంది. ఇంకా చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అనీ కనుక్కోండి. అన్న బొమ్మలన్నీ చివరికి తమ్ముడి నోట్లోకే వెళ్తాయి.

2. డబ్బా మీది వయసుని తేలిగ్గా తీసుకోవద్దు

"3+" అని ఉంటే అది తెలివికి సంబంధించిన అంకె అనుకుని, మనవాడు చురుకైనవాడు కదా అని రెండేళ్లకే కొనేస్తుంటారు. చాలాసార్లు అది భద్రత కోసం వేసిన అంకె. తెలివి ఎంత ముందున్నా గొంతు మాత్రం రెండేళ్లదే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి దాదాపు 3.2 సెం.మీ. వెడల్పున్న గొట్టం వాడతారు. ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఇంట్లో చూసుకోవాలంటే టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలోని అట్టగొట్టం పనికొస్తుంది. అది ఇంకాస్త వెడల్పు కాబట్టి మన జాగ్రత్త కొంచెం ఎక్కువే అవుతుంది, నష్టం లేదు.

నాణెంలా గుండ్రంగా, చిన్నగా ఉండే బటన్ బ్యాటరీల విషయంలో మాత్రం ఏమాత్రం రాజీ వద్దు. మింగిన బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ బొమ్మ వదిలేయండి. చిన్న చిన్న శక్తిమంతమైన అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే అవి పేగుల గోడల్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, పేగుకి రంధ్రం పడొచ్చు. ఇక బెలూన్లు. ఊదని బెలూన్, పగిలిన ముక్క ఎనిమిదేళ్లలోపు పిల్లల చేతికి అందకూడదు.

3. ఇప్పుడు వయసుని బట్టి ఎంచుకోండి

ఏడాదిలోపు పాపాయికి పుట్టినరోజు సంగతే తెలియదు. గిలక్కాయ, గుడ్డతో చేసిన పుస్తకం, మెత్తటి బంతి, ఏదైనా సరే ఉతకడానికో కడగడానికో వీలుండాలి. అన్నీ నోటితోనే పరీక్షిస్తారు మరి.

ఒకటి, రెండేళ్లవాళ్లకి నింపడం, ఒలకబోయడం, నెట్టడం, లాగడం అంటే మహా సరదా. ఒకదానిమీద ఒకటి పేర్చే గిన్నెలు, తోసుకుంటూ నడిచే బండి, చింపలేని మందపాటి అట్ట పుస్తకాలు బాగుంటాయి.

మూడు నుంచి ఐదేళ్ల మధ్య బహుమతి కొనడం అన్నిటికన్నా హాయి, ఎందుకంటే ఈ వయసులో అంతా ఉత్తుత్తి ఆటే. డాక్టర్ సెట్, వంటసామాను, బొమ్మలు, ఆటమట్టి, క్రేయాన్లు, ఏదిచ్చినా కథ అల్లేస్తారు. బటన్ నొక్కగానే పాడి, గెంతి, లైట్లు వెలిగించే బొమ్మలకి నేను దూరం. అక్కడ బొమ్మ ఆడుతుంది, పిల్లలు చూస్తారు. రెండోరోజుకి అది మూలన పడుతుంది. బ్లాకులైతే ఏళ్లపాటు నిలుస్తాయి. ఉదాహరణకి లెగో కంపెనీయే చిన్నపిల్లల కోసం చేసే డ్యూప్లో ఇటుక మామూలు లెగో ఇటుకకి పొడవు, వెడల్పు, ఎత్తుల్లో రెట్టింపు ఉంటుంది, రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి కూడా. అంటే చిన్నప్పుడు కొన్నవి పెద్దయ్యాక కొన్నవాటితో కలిపి వాడుకోవచ్చు.

ఆరు నుంచి ఎనిమిదేళ్లకి నియమాలున్న ఆటల మీద మోజు మొదలవుతుంది, ఓడిపోతే ఏడుపూ మొదలవుతుంది. అందుకే పాచికలు ఉన్న ఆట మంచిది. అదృష్టం కలిసొస్తే చిన్నది కూడా అన్నయ్యని ఓడించగలదు. సైకిల్, స్కేట్స్ లాంటివి కొంటే హెల్మెట్ కూడా అదే బహుమతిలో భాగమనుకోండి.

తొమ్మిది నుంచి పన్నెండేళ్లవాళ్లకి సొంత ఇష్టాలు గట్టిగానే ఉంటాయి. మీరు కొత్త ఇష్టం పుట్టించబోకుండా, ఉన్నదానికే తోడు తెచ్చి పెట్టండి. బొమ్మలు గీసే పిల్లకి మంచి రంగులు, పక్షుల పిచ్చి ఉన్నవాడికి బైనాక్యులర్స్, తల పట్టుకుని కూర్చోవడం ఇష్టమైతే రూబిక్స్ క్యూబ్. 1974లో ఎర్నో రూబిక్ దాన్ని తయారుచేసినప్పుడు, కలిసిపోయిన రంగుల్ని మళ్లీ సర్దడానికి ఆయనకే నెలకి పైగా పట్టింది. ఆ సంగతి చెప్పి ఇస్తే టెన్షన్ కూడా తగ్గుతుంది. చదువుకి పనికొస్తుందని కొన్న హోంవర్క్ లాంటి కిట్‌ని మాత్రం ఈ వయసువాళ్లు క్షణంలో పసిగడతారు.

పదమూడు దాటితే నేరుగా వాళ్లనే అడగండి. గిఫ్ట్ కార్డో డబ్బో ఇవ్వడం చిన్నతనమేమీ కాదు.

ఏ వయసుకైనా పెంపుడు జంతువు, ఫోన్, ట్యాబ్ అమ్మానాన్నలు ఒప్పుకోకుండా ఇవ్వొద్దు. వాటి బాధ్యత ఆ తర్వాత మోయాల్సింది వాళ్లే.

4. కొనేముందు, ఇచ్చేముందు

శబ్దం చేసే బొమ్మని మీ చెవి దగ్గర పెట్టుకుని వినండి, మీకే ఇబ్బందిగా ఉంటే వద్దు. బ్యాటరీలు విడిగా కొనాలేమో చూసి, అవసరమైతే ముందే వేసి ఉంచండి. లేకపోతే కేక్ కోసిన తర్వాత స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతుక్కోవాలి. ధర స్టిక్కర్ తీసేసి, కాగితం చుట్టాక దాని మీద మీ పేరు పెద్దగా రాయండి, పది డబ్బాల మధ్య కార్డు ఊడిపోవడం మామూలే. బిల్లు పారేయకుండా మీ దగ్గరే ఉంచుకుని, ఇదే బొమ్మ ఇంకొకటి వస్తే మార్చుకోవచ్చని వాళ్ల అమ్మతో ఒక మాట చెప్పి రండి.