టిబ్స్: పచ్చి మాంసం నేరుగా మూకుట్లోకి

ఇథియోపియా వాళ్ల టిబ్స్ మాంసం వేపుడే గానీ, మన మటన్ వేపుడులా ముందు ఉడికించి తర్వాత వేయించేది కాదు. కుక్కర్ ఎక్కించారంటే అది టిబ్స్ కాదు, కూర.

ఎముకలేని లేత మాంసం అర కిలో: గొర్రె తొడ గానీ, గొడ్డు మాంసంలో అండర్‌కట్ గానీ. పెద్ద ఉల్లిపాయ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, పచ్చిమిర్చి 2, రోజ్‌మేరీ ఒక రెమ్మ, బెర్బెరె కారం (మసాలాలు కలిపిన ఇథియోపియా మిరప్పొడి) 1 టీస్పూను, నితిర్ కిబ్బె 2 టేబుల్‌స్పూన్లు. నితిర్ కిబ్బె అంటే మసాలా నెయ్యి. దొరక్కపోతే నెయ్యిలో చిటికెడు మెంతులు, ఒక నల్ల యాలక్కాయ, కాస్త పసుపు వేసి సన్నసెగన 15 నిమిషాలు కాచి వడకట్టండి. నూనె వద్దు.

మాంసాన్ని 2 సెంటీమీటర్ల ముక్కలు కోయండి. వంట చెడేది ఇక్కడినుంచే. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించకండి, ఉప్పు కూడా ఇప్పుడే వద్దు. ముక్కల్ని గుడ్డతో ఒత్తి తడి పూర్తిగా తీసేయండి. ఇనుప మూకుడు బాగా కాలాక సగం కిబ్బె వేసి, సగం ముక్కలే ఒక్క వరుసగా పరవండి. ఒక నిమిషం కదపొద్దు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, ఇంకో రెండు నిమిషాల్లో తీసేయండి. తర్వాత మిగతా సగం ముక్కలు.

మొత్తం ఒకేసారి పోస్తే మూకుడు చల్లబడి నీరూరుతుంది. ఆ నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, ముక్క ఎర్రబడదు, ఉడికి గట్టిపడుతుంది. చెవిపెట్టి వినండి: చుర్రుమంటే సరే, బుడబుడమంటే వెంటనే ముక్కలు తీసేసి, నీరు ఇగిరాక, మూకుడు మళ్లీ కాలాకే వేయండి.

అదే మూకుట్లో మిగిలిన కిబ్బె, ఉల్లిపాయ రెండు నిమిషాలు, కరకర పోకూడదు. వెల్లుల్లి, బెర్బెరె అర నిమిషం, మించితే కారం మాడి చేదొస్తుంది. ముక్కలు, వాటి రసం, పచ్చిమిర్చి, రోజ్‌మేరీ, ఉప్పు వేసి ఒక నిమిషం కలిపి దించండి. రోజ్‌మేరీ చూసి యూరప్ వంట అనుకోవద్దు, అక్కడ టిబ్స్‌కి వాసన ఇచ్చే ఆకు అదే. కరివేపాకు దానికి బదులు కాదు. టమాటా కొందరు వేస్తారు. పొడిగా ఉండే దెరెక్ టిబ్స్‌కి అది పనికిరాదు.

బొగ్గులు పెట్టిన మట్టిపాత్ర షెక్లాలో వేడిగా వడ్డించి, టెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి అట్టులా పోసిన ఇంజెరా తుంచుకుని కుడిచేత్తో తింటారు.