మొటిమలకి నాకు పనిచేసినవి

దవడ చుట్టూ ఒక మొటిమ మానేలోపే ఇంకోటి లేచేది. క్రీముల కంటే తిండి మార్చడమే నాకు ఎక్కువ పనిచేసింది. తీపి పానీయాలు, మైదా పదార్థాలతో రక్తంలో గ్లూకోజ్ చప్పున పెరుగుతుంది. దాంతో ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పెరిగి చర్మంలో నూనె ఎక్కువగా ఊరుతుంది. అవి తగ్గించి పప్పులు, కూరగాయలు పెంచాను.

పైపూతకి 5 శాతం టీ ట్రీ ఆయిల్ జెల్ వాడాను. ముందు మోచేతి లోపలివైపు రాసి, దురద, ఎరుపు రాలేదని చూసుకున్నాకే ముఖానికి పెట్టాను. మొక్కల నూనె కదా అని పలచన చేయకుండా నేరుగా పూస్తే చర్మం మండొచ్చు. నిమ్మరసం అయితే అసలు వద్దు! అందులోని ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలకి ఎండ తోడైతే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు.

కొన్ని వారాలకి కొత్త మొటిమలు బాగా తగ్గాయి. పాత గుంటలకి మాత్రం చర్మ డాక్టర్ దగ్గరికే వెళ్లాను.