డైరీలో మళ్ళీ ‘క్లాసులో ధ్యాస లేదు’ అని రాసొచ్చిందా? ముందు ఇవి చేయండి

స్కూల్ డైరీలో ఆ మాట మూడోసారి కూడా వచ్చిందంటే పిల్లాడిని తిట్టకండి, కొత్త ట్యూషన్‌లో వేయకండి. అది ఏడీహెచ్‌డీ కావచ్చు, అంటే ధ్యాస నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య. వాడి లెక్కల నోట్సు తీసుకుని కూర్చోండి.

మా వాడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నేను చేసింది అదే, కాకపోతే ఏడాది ఆలస్యంగా. పేజీలో మొదటి మూడు లెక్కలు చక్కగా ఉన్నాయి, నాలుగో తీసివేతలో అప్పు తెచ్చుకున్న అంకె పైన వేసి అక్కడితో ఆపేశాడు, పక్కన మెట్రో రైలు బొమ్మ, ఐదో లెక్క లేనే లేదు. రానివాడైతే మొదటి మూడూ తప్పుండేవి కదా. అలాంటి పేజీలు నాలుగైదు ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టర్ ముందు ఆ పది నిమిషాలూ పిల్లలు బుద్ధిగానే కూర్చుంటారు. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలవ్వాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ స్కూల్లోనూ కనబడాలి. అందుకే వాండర్‌బిల్ట్ ఫారం (ఈ లక్షణాలు ఎంత తరచుగా కనబడుతున్నాయో అడిగే ప్రశ్నల పత్రం) మీరొకటి, క్లాస్ టీచర్ ఒకటి నింపితే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది. చూపు, వినికిడి, నిద్ర కూడా చూపించండి. ఆడపిల్లలు చాలాసార్లు గెంతకుండా, మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, వాళ్ళ మీద డైరీలో ఫిర్యాదే రాదు, ఇంకా జాగ్రత్తగా గమనించండి.

మా అత్తయ్య అయితే ‘వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనమ్మా, దీనికి ఆసుపత్రి ఎందుకు’ అంది. ఆ మాటే డాక్టర్‌కు చెప్పండి. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఇందులో జన్యువుల వాటా దాదాపు 74 శాతం. 2023లో వచ్చిన పెద్ద పరిశోధన జన్యువుల్లో 27 చోట్లను గుర్తించింది, కానీ ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది, కాబట్టి జీన్ టెస్ట్ కోసం ఖర్చు పెట్టకండి. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, సీసం లాంటివి కూడా రిస్కు పెంచుతాయి. చాక్లెట్ల వల్ల రాదు. మీ ఉద్యోగం వల్ల, మీ పెంపకం వల్ల అసలే రాదు, ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఎన్ని రాత్రులు ఏడవకుండా ఉండేదాన్నో.

ఎక్కడ చూపించాలంటే మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ ఉంది, ఆ పేరు వినగానే నలుగురూ ఏమంటారో అని ఆగిపోకండి. చిన్నపిల్లలకు నీలోఫర్ ఆసుపత్రి, ఐక్యూ లాంటి పరీక్షలకు బోయిన్‌పల్లిలో నీపిడ్ (బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉన్నాయి. ఎటు వెళ్ళాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ఆరేళ్ళ లోపు పిల్లలకైతే మందు కన్నా ముందు తల్లిదండ్రులకే శిక్షణ. పెద్ద పిల్లలకు మొదట వాడే మందు ఎక్కువగా మిథైల్‌ఫెనిడేట్. ఇది అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, షాపుకు షెడ్యూల్ ఎక్స్ (కఠిన నియంత్రణ ఉన్న మందుల) లైసెన్సు ఉండాలి, చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్ళు ఉంచుకుంటారు. స్ట్రిప్పులో వారానికి సరిపడా ఉండగానే బయల్దేరండి. ఆకలి తగ్గుతుంది, మా వాడి లంచ్ బాక్స్ ముట్టకుండా తిరిగొచ్చేది, అందుకని మాత్రకు ముందే రెండు పెసరట్లు పెడతాను, రాత్రి మళ్ళీ కడుపునిండా. ఎత్తు, బరువు, బీపీ చూపిస్తూ ఉండండి. దాని బదులు అటామాక్సెటిన్ అనే ఇంకో మందు ఇస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి.

మందంటే భయమేస్తే ఇది చదవండి. స్వీడన్‌లో 1,48,578 మందిని చూసిన 2024 అధ్యయనంలో, నిర్ధారణ అయిన మూడు నెలల్లోపు మందు మొదలుపెట్టినవాళ్ళలో తర్వాతి రెండేళ్ళలో మరణాలు తక్కువ, ముఖ్యంగా ప్రమాదాల్లాంటి వాటి వల్ల. పద్దెనిమిది నిండగానే చేతికి బండి తాళం ఇచ్చే ఊరు మనది, నాకు మార్కుల కన్నా అదే టెన్షన్.

ఇంట్లో పని ముక్కలు చేయండి. ‘హోంవర్క్ చెయ్’ అంటే వాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ‘రెండు లెక్కలు చేసి నాకు చూపించు’ అంటే చేస్తాడు, చేసిన వెంటనే మెచ్చుకోండి.

ఇంకొకటి, మీ ఆయన్ని కూడా ఒకసారి చూపించండి. డాక్టర్లు చూసే రెండు జాబితాల్లో (ధ్యాస లేకపోవడం ఒకటి, కుదురు లేకపోవడం ఒకటి) పెద్దవాళ్ళకు ఏదో ఒకదాని తొమ్మిది లక్షణాల్లో ఐదున్నా చాలు, కాకపోతే చిన్నప్పటి ఆధారం కావాలి. మా ఆయన మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు ట్రంకుపెట్టెలోంచి వెతికి తెచ్చిచ్చింది మా అత్తయ్యే.