పన్నులపై ఆర్థిక మంత్రి పార్లమెంటులో ఇచ్చే జవాబును చదివే పద్ధతి

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఒకే లిఖితపూర్వక జవాబును పట్టుకొని రెండు పార్టీలు రెండు రకాలుగా మాట్లాడడం మనకు కొత్త కాదు. మన రాష్ట్రం ఇంత కడితే కేంద్రం ఇంతే తిరిగిచ్చిందని ఒకరు, మునుపెన్నడూ లేనంతగా ఇచ్చిందని మరొకరు అంటారు, ఇద్దరూ ఆర్థిక శాఖ కాగితాన్నే చూపిస్తారు. అలాగని వారిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. జవాబులో ఏముందో, ఏది లేదో చూసుకోకుండా పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాలతో సరిపెట్టుకోవడం వల్ల పుట్టే తికమక ఇది. అసలు పత్రాన్ని వెదికి తీసుకొని, ప్రశ్నను పక్కన పెట్టుకొని చదవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

పత్రాన్ని సంపాదించడం

మంత్రిత్వ శాఖలను కొన్ని బృందాలుగా విడదీసి ఒక్కో బృందానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు. ఇటీవలి సమావేశాల్లో ఆర్థిక శాఖ వంతు లోక్‌సభలో సోమవారం, రాజ్యసభలో మంగళవారం వస్తోంది. పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్ (sansad.in)లో సభను ఎంచుకొని, ప్రశ్నల విభాగంలో శాఖ పేరునూ తేదీనీ ఇస్తే ఆనాటి ప్రశ్నలూ జవాబులూ పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. ఇవి ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటాయి. తెలుగులో మనం చదివేదంతా ఎవరో ఒక విలేకరి డెడ్‌లైను ముందు చేసిన అనువాదమే కాబట్టి, అంకెల విషయంలోనైనా మూలం చూడడం మంచిది.

ప్రశ్న సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు ఉందా లేదా అన్నది ముందుగా గమనించాలి. లోక్‌సభలో రోజుకు 20, రాజ్యసభలో 15 నక్షత్ర గుర్తు ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. వీటికి మంత్రి సభలో నిలబడి సమాధానం చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివి లోక్‌సభలో 230, రాజ్యసభలో 160 వరకు ఉంటాయి, వాటికి కాగితం మీద జవాబు తప్ప చర్చ ఉండదు. లోక్‌సభలో 11 గంటలకూ రాజ్యసభలో మధ్యాహ్నం 12 గంటలకూ మొదలయ్యే గంటసేపటి ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్ర గుర్తు ప్రశ్నలన్నీ పూర్తికావడం అరుదు. వంతు రానివి కూడా లిఖితపూర్వక జవాబులుగానే మిగులుతాయి.

ఈ తేడా పాఠకుడికి ఎందుకంటే, నక్షత్ర గుర్తు ప్రశ్నకు ముందుగా సిద్ధం చేసిన ప్రకటన పీడీఎఫ్‌లో ఉంటుంది గాని, అనుబంధ ప్రశ్నకు మంత్రి అప్పటికప్పుడు చెప్పిన మాట అందులో ఉండదు. దానికోసం ఆ రోజు సభా కార్యకలాపాల పూర్తి పాఠం తెరవాలి. అధికారులు రాసిచ్చిన వాక్యం కంటే ఆ మాటే ఎక్కువ విషయం చెబుతుందని నా అనుభవం. 1957లో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన సుమారు 1.24 కోట్ల రూపాయల పెట్టుబడి గురించి లోక్‌సభలో మొదలైన ప్రశ్నలు, కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ పట్టు వదలకుండా సాగించిన నిలదీతతో ముదిరి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా దాకా వెళ్లాయి. అది పన్నుల వ్యవహారం కాకపోయినా, సభలో వేసే ప్రశ్నకు ఎంత బలం ఉందో చెప్పడానికి నేటికీ అదే ఉదాహరణ.

భాగాలను ఒక్కొక్కటిగా సరిపోల్చడం

ప్రతి ప్రశ్నా ఎ, బి, సి, డి అంటూ భాగాలుగా ఉంటుంది. జవాబులో మాత్రం చాలాసార్లు "ఎ నుంచి డి వరకు" అని ఒకే తల కింద రెండు పేరాలు కనిపిస్తాయి. ఇలా కలిపి రాయడం నిబంధనలకు విరుద్ధం కాదు గాని, ఏదైనా ఒక భాగం జారిపోయిందంటే అది సాధారణంగా ఇక్కడే జారిపోతుంది. అందుచేత పెన్సిలు పట్టుకొని, ప్రశ్నలోని ప్రతి భాగానికీ జవాబులో ఏ వాక్యం సరిపోతుందో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. సరిపోయే వాక్యం లేని భాగం ఉందంటే దానికి జవాబు రాలేదన్నమాట.

ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ ఉన్న కాలాన్ని తీసుకుందాం. వసూలు ఎంత, తగ్గించాలని వినతులు వచ్చాయా, తగ్గిస్తారా, లేకపోతే కారణమేమిటి అన్న నాలుగు భాగాల్లో ఈ తరహా ప్రశ్నలు ఉభయ సభల్లోనూ పదే పదే వచ్చాయి. వసూలుకు అంకె దొరికేది: 2023-24లో ఆరోగ్య బీమా ప్రీమియంపై వచ్చిన జీఎస్టీ సుమారు 8,263 కోట్ల రూపాయలు. తగ్గింపు దగ్గరికి వచ్చేసరికి, రేట్లనూ మినహాయింపులనూ జీఎస్టీ మండలి సిఫారసుల మేరకు నిర్ణయిస్తారని, ఆ మండలి కేంద్ర రాష్ట్ర మంత్రులతో కూడిన రాజ్యాంగబద్ధ సంస్థ అని చెప్పే వాక్యం వచ్చేది. అది నిజమే గాని కేంద్రం అభిప్రాయమేమిటో అందులో లేదు. రాజ్యాంగం 279ఎ అధికరణ ప్రకారం మండలిలో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి కావలసింది నాలుగింట మూడు వంతులు. అంటే కేంద్రం ఒంటరిగా రేటు తగ్గించలేదన్నది ఎంత నిజమో, కేంద్రం కాదంటే రాష్ట్రాలన్నీ ఏకమైనా తగ్గించలేవన్నదీ అంతే నిజం. జవాబులు మొదటి సగాన్నే చెబుతాయి, రెండో సగాన్ని పాఠకుడు కలుపుకోవాలి. చివరికి 2024 సెప్టెంబరు 9న 54వ సమావేశం ఈ అంశాన్ని మంత్రుల బృందానికి అప్పగించింది, 2025 సెప్టెంబరు 3న 56వ సమావేశం వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా పాలసీలకు మినహాయింపు సిఫారసు చేసింది, అదే నెల 22 నుంచి అది అమల్లోకి వచ్చింది.

మామూలుగా కనిపించే వాక్యాలు

"ప్రస్తుతం అటువంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు" అన్న వాక్యంలో బరువంతా "ప్రస్తుతం" మీదే ఉంటుంది. వచ్చే నెలలో ప్రతిపాదన వస్తే మంత్రి సభను తప్పుదోవ పట్టించారని అనడానికి వీలుండదు. బడ్జెట్‌కు ముందరి నెలల్లో వచ్చే జవాబుల్లో ఈ వాక్యాన్ని చూసి ఆశ వదులుకోవడమూ, నిశ్చింతగా ఉండడమూ రెండూ తొందరపాటే. "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్నది ముందు భాగానికి లేదని జవాబిచ్చినందువల్ల వచ్చేది, కాబట్టి ఆ "లేదు" దేనికి అన్నారో వెనక్కి వెళ్లి చూడాలి.

ఒక వ్యక్తి లేదా కంపెనీ కట్టిన పన్ను గురించి అడిగితే 1961 ఆదాయపు పన్ను చట్టం 138వ సెక్షన్‌ను, బ్యాంకు రుణగ్రహీతల పేర్లు అడిగితే రిజర్వు బ్యాంకు చట్టం 45ఇ సెక్షన్‌ను చూపి వివరాలు ఇవ్వకపోవడం ఎన్నో ఏళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. వాటిని తప్పించుకునే మాటలుగా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే గోప్యత నిజంగానే చట్టంలో ఉంది. అయితే మొత్తం ఎందరు, మొత్తం ఎంత అని అడిగితే ఆ సెక్షన్లు అడ్డురావు.

"సమాచారం సేకరిస్తున్నారు, సభ ముందు ఉంచుతారు" అన్న వాక్యం వీటన్నిటికంటే విలువైనది. దాన్ని సభకు ఇచ్చిన హామీగా లెక్కిస్తారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగింపు కోరాలి. ఉభయ సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలు వీటి వెంటపడతాయి. పత్రికలు ఈ జవాబును వార్త కాదని వదిలేస్తాయి గాని, తేదీ రాసిపెట్టుకొని మూడు నెలల తర్వాత మళ్లీ వెదికితే అసలు విషయం అప్పుడు దొరకవచ్చు.

అంకెల దగ్గర ఆగాలి

రాష్ట్రాలవారీ ప్రత్యక్ష పన్ను వసూళ్ల పట్టికను మొదటిసారి చూసినప్పుడు నేను కూడా దాన్ని ఆయా రాష్ట్రాల ప్రజలు కట్టిన పన్నుగానే అర్థం చేసుకొని తప్పు రాశాను. అది పన్ను ఎక్కడ జమైందో చెప్పే పట్టిక. విజయవాడ శాఖలో పనిచేసే ఉద్యోగి జీతం నుంచి ముంబయి ప్రధాన కార్యాలయం టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి జమ చేస్తే ఆ సొమ్ము మహారాష్ట్ర లెక్కలో చేరుతుంది.

కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా విషయంలో మరో చిక్కు ఉంది. 15వ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం, కేంద్రం వసూలు చేసే పన్నులన్నిటి మీద కాదు. సెస్సులు, సర్‌చార్జీలు, వసూలు ఖర్చులు తీసేశాక మిగిలిన మొత్తంలోనే రాష్ట్రాలకు వాటా ఉంటుంది. 2021-26 కాలానికి ఆ వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం నిర్ణయించారు. జవాబులోని పట్టిక స్థూల రాబడిదా, పంచదగిన మొత్తానిదా, అందులో గ్రాంట్లనూ కేంద్ర పథకాల నిధులనూ కలిపారా అన్నది పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంకెలు బడ్జెట్ అంచనాలా, సవరించిన అంచనాలా, వాస్తవాలా అన్నదీ అక్కడే చూసుకోవాలి.

చట్టం మీది జవాబైతే

2025 ఫిబ్రవరి 13న ప్రవేశపెట్టిన ఆదాయపు పన్ను బిల్లును సెలెక్ట్ కమిటీ నివేదిక తర్వాత ఆగస్టు 8న ఉపసంహరించుకున్నారు. ఆగస్టు 11న కొత్త బిల్లు ప్రవేశపెట్టి అదే రోజు లోక్‌సభలో, మర్నాడు రాజ్యసభలో ఆమోదించారు. రాష్ట్రపతి ఆమోదంతో చట్టమైన ఆ బిల్లు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందువల్ల 2025 మార్చిలో వచ్చిన జవాబు ప్రస్తావించే క్లాజు, చివరికి చట్టమైన పాఠంలో అదే మాటలతో ఉంటుందన్న నమ్మకం లేదు. పాత సెక్షన్ల సంఖ్యలు కూడా మారాయి: అందరి నోళ్లలో నానిన 80సి ఇప్పుడు 123, కొత్త పన్ను విధానపు 115బీఏసీ ఇప్పుడు 202.

పదాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదని మంత్రి అన్నప్పుడు, చట్టం ప్రకారం మినహాయింపు పరిమితి 4 లక్షలే, మిగతా ఆదాయంపై పడే పన్ను, గరిష్ఠంగా 60,000 రూపాయల రిబేటు (లెక్కగట్టిన పన్నులోంచి ఇచ్చే తగ్గింపు) వల్ల సున్నా అవుతుంది. షేర్లు అమ్మగా వచ్చిన మూలధన లాభం వంటి ప్రత్యేక రేటు ఆదాయానికి ఆ రిబేటు వర్తించదు. జవాబులో "మినహాయింపు" అని ఉందో "రిబేటు" అని ఉందో చూడకుండా లెక్క వేసుకుంటే నష్టపోయేది మనమే.

మీరే ప్రశ్న పంపాలనుకుంటే

ప్రశ్న అడిగే హక్కు సభ్యుడిదే గాని, దాన్ని రాసిచ్చే పని ఎవరైనా చేయవచ్చు. ఎంపీ కార్యాలయాలు ఇలాంటి సూచనలను తీసుకుంటాయి. నోటీసుకు కనీసం 15 పూర్తి రోజుల వ్యవధి కావాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే పంపాలి. లోక్‌సభ ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటకూడదు. వాదన, ఆరోపణ, వ్యంగ్యం, ఊహాజనిత పరిస్థితి, ప్రచురిత పత్రాల్లో ఇప్పటికే ఉన్న సమాచారం ఉంటే తిరస్కరిస్తారు. "చిన్న వ్యాపారి నడ్డి విరుస్తున్న జీఎస్టీ నోటీసులను ఎప్పుడు ఆపుతారు" అన్నది వెనక్కి వస్తుంది. "గత మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కేంద్ర జీఎస్టీ అధికారులు జారీ చేసిన నోటీసులెన్ని, ఏడాదివారీగా వాటిలో విచారణ తర్వాత ఉపసంహరించుకున్నవెన్ని" అన్నది నిలుస్తుంది. రాష్ట్ర అధికారుల నోటీసులను కూడా ఇందులో కలిపితే, అది రాష్ట్రాల పరిధిలోనిదన్న ఒక్క వాక్యంతో మొత్తం ప్రశ్నను పక్కకు నెట్టే వీలు దొరుకుతుంది. "లేనిపక్షంలో కారణాలేమిటి" అన్నదాన్ని మరో భాగానికి తోకగా తగిలించకుండా, చివర విడి అక్షరం కింద రాయించండి.