నాబ్-పాక్లిటాక్సెల్: నురగ లేకుండా కలపడం ఎలా

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఈ ఇంజెక్షన్‌లో పాక్లిటాక్సెల్ సుమారు 130 నానోమీటర్ల ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) కణాల్లో ఉంటుంది. మామూలు పాక్లిటాక్సెల్‌లో మందును కరిగించడానికి వాడే క్రెమోఫోర్ ఇందులో లేదు, అందుకే అలర్జీ రాకుండా ముందుగా స్టెరాయిడ్ ఇవ్వాల్సిన పని సాధారణంగా ఉండదు. కానీ రెండింటి మోతాదులు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. వయల్ తీసే ముందు ఆర్డర్‌లో పేరు పూర్తిగా చదవండి.

మోతాదు చదరపు మీటరుకు 260 మి.గ్రా., మూడు వారాలకోసారి. దేహ ఉపరితలం 1.6 చ.మీ. అయితే 416 మి.గ్రా. అవుతుంది, 100 మి.గ్రా. వయల్స్ 5 కావాలి.

ఒక్కో వయల్‌లోకి 20 మి.లీ. నార్మల్ సెలైన్‌ను కనీసం ఒక నిమిషం పాటు, సీసా లోపలి గోడ వెంబడి జారనివ్వండి. ధార నేరుగా పొడి మీద పడితే నురగ వస్తుంది. 5 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత కనీసం 2 నిమిషాలు మెల్లగా తిప్పండి. కుదపొద్దు. నురగ వస్తే 15 నిమిషాలు ఆగండి. ద్రవం పాలలా, ఉండలు లేకుండా ఉండాలి. ఉండలుంటే మళ్లీ మెల్లగా తిప్పండి.

ఇప్పుడు గాఢత మి.లీ.కి 5 మి.గ్రా. పై లెక్కకు 83.2 మి.లీ. తీసి ఖాళీ స్టెరైల్ బ్యాగులోకి ఎక్కించండి. ఇంకా సెలైన్ కలపొద్దు. 30 నిమిషాల పాటు సిరలోకి ఎక్కించాలి. 15 మైక్రాన్ల కన్నా సన్నని ఫిల్టర్ వద్దు.

న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఘన మి.మీ.కి 1500 లోపు ఉంటే ఆ రోజు మందు ఆపాలి. చేతులు, కాళ్లలో తిమ్మిరి తీవ్రమైతే తగ్గేదాకా ఆపి, చదరపు మీటరుకు 220 మి.గ్రా.తో మళ్లీ మొదలుపెడతారు.