ఒకే అమరికలున్న రెండు మెయిల్ సర్వర్లలో స్పామ్ వడపోత వేర్వేరుగా జరుగుతుంటే

చీమకుర్తి గ్రానైట్‌ను ఎగుమతి చేసే ఒక సంస్థకు ఒంగోలు కార్యాలయంలో ఒకటి, చీమకుర్తి ఫ్యాక్టరీలో ఒకటి చొప్పున రెండు లినక్స్ మెయిల్ సర్వర్లు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ మెయిళ్లకు పాయింట్లు వేసి స్పామ్‌ను గుర్తించే స్పామ్‌అసాసిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని అమరికలుండే లోకల్ డాట్ సీఎఫ్ ఫైలూ ఒక్కటే. అయినా విదేశీ కొనుగోలుదారు పంపిన ఒకే రకం మెయిల్ ఒంగోలులో ఇన్‌బాక్సుకు చేరుతుంది, చీమకుర్తిలో స్పామ్‌లో పడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ఎన్ని పాయింట్లు చేరితే స్పామ్‌గా లెక్కించాలో చెప్పే, డిఫాల్టుగా 5 ఉండే స్కోరు పరిమితిని పెంచేస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆర్డరు మెయిల్‌తో పాటు నకిలీ ఇన్‌వాయిస్ కూడా లోపలికి వస్తుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

ముందుగా ఆ మెయిల్‌ను హెడర్లతో సహా ఫైలుగా భద్రపరచి, రెండు సర్వర్లలోనూ టెస్ట్ మోడ్‌లో పరీక్షించి, ఏ రూల్‌కు ఎన్ని పాయింట్లు పడ్డాయో చూపే నివేదికలను పక్కపక్కన పెట్టుకోవాలి. ఒక వైపే కనబడే రూల్ దగ్గరే వెతకడం మొదలుపెట్టాలి. ఈ పరీక్షను రూట్‌గా (సర్వ హక్కులున్న అడ్మిన్ ఖాతాతో) కాక, వడపోత ఏ యూజర్ పేరుతో నడుస్తోందో ఆ యూజర్‌గానే చేయాలి. లేకపోతే వేరే బేయెస్ డేటాబేస్‌ను (పాత మెయిళ్ల నుంచి స్పామ్ లక్షణాలను నేర్చుకుని దాచుకునే డేటాబేస్‌ను) చదివి, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

తేడా బేయెస్ రూల్‌లోనే ఉంటే, ఆ డేటాబేస్ ఎంత నేర్చుకుందో చూడాలి. డిఫాల్టుగా 200 స్పామ్ మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు నేర్చుకునేదాకా అది పాయింట్లు వేయదు.

తరువాత అమరికల ఫైళ్లలో తప్పులు వెతికే లింట్ ఆప్షన్‌తో స్పామ్‌అసాసిన్‌ను నడపాలి. దోషం లేకపోతే అది ఏమీ చెప్పదు. ఫలానా లైను అర్థం కాలేదని ఒక్క సర్వరే చెబితే, రెండింటి వెర్షన్లను పోల్చాలి: 2022 డిసెంబరులో వచ్చిన 4.0 వెర్షన్‌లో నమ్మకమైన పంపకందారులను చేర్చే వైట్‌లిస్ట్ ఆదేశాలకు వెల్‌కమ్‌లిస్ట్ అనే కొత్త పేర్లు వచ్చాయి, వాటిని పాత 3.4 వెర్షన్ గుర్తించదు. వెర్షన్లు ఒకటే అయితే, ప్లగిన్లను (అదనపు భాగాలను) లోడ్ చేసే ప్రీ ఫైళ్లలో, అర్థం కాని ఆ ఆదేశానికి కావలసిన ప్లగిన్‌ లైను ఉందో లేదో చూడాలి. లింట్‌ను డీబగ్ ఆప్షన్‌తో కలిపి నడిపితే, నిజంగా చదివిన ఫైళ్ల జాబితా వస్తుంది. అప్‌డేట్‌లో వచ్చే రూల్స్ వెర్షన్ సంఖ్య పేరుతో ఉన్న డైరెక్టరీలో చేరతాయి కనుక, అప్‌గ్రేడ్ తరువాత కొత్త రూల్స్ తెచ్చే ఎస్ఏ-అప్‌డేట్ ఆదేశాన్ని నడపని సర్వర్ పాత డైరెక్టరీని పట్టించుకోకుండా ప్యాకేజీతో వచ్చిన రూల్స్‌తోనే పనిచేస్తుంది.

ఫైళ్లన్నీ సరిపోయినా తేడా మిగిలితే డీఎన్ఎస్‌ను (స్పామ్ పంపే చిరునామాల బ్లాక్‌లిస్టులను కూడా ఇంటర్నెట్‌లో అడిగి తెలుసుకునే పేర్ల వ్యవస్థను) అనుమానించాలి. గూగుల్ నడిపే 8.8.8.8 వంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబు తెచ్చే సర్వర్) ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ బ్లాక్‌లిస్ట్ అసలు సమాధానానికి బదులు 127.255.255.254 అనే దోష సంకేతం పంపుతుంది. రెండు చోట్లా అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వర్ పెట్టుకోవడమే సరైన పరిష్కారం.

మెయిల్ సర్వర్‌కూ స్పామ్‌అసాసిన్‌కూ మధ్య పనిచేసే అమావిస్ అనే ప్రోగ్రామ్ ద్వారా వడపోసే సర్వర్‌లో లోకల్ డాట్ సీఎఫ్‌లోని పరిమితి పనిచేయదు, అమావిస్ సొంత పరిమితే చెల్లుతుంది. ఏది మార్చినా వడపోత నడిపే సర్వీసును రీస్టార్ట్ చేసి, మొదట భద్రపరచిన అదే మెయిల్‌తో మళ్లీ పరీక్షించాలి.